రోటి రుచి, రెక్కల కష్టము

మన యిండ్లలో నేడొక వింత వాదము బయలుదేరినది. ఎన్ని యంత్రములు వచ్చినను రోటిపచ్చడి రుచి మిక్సీ పచ్చడికి రాదని భోజనమునకు గూర్చున్న ప్రతి పెద్దమనిషియు ననుచున్నాడు. ఫలహారశాలలవారు రోటిపచ్చడి యని పలకమీద వ్రాసి దానికి వేఱు వెల కట్టుచున్నారు. పట్టణములలో కొందఱు పాత రుబ్బురోలును వాకిట నిలిపి, నీళ్ళు పోసి, పూలు తేల్చి, వచ్చిన చుట్టములకు చూపి సంతోషించుచున్నారు. రోలు మీద నింతటి భక్తి దానితో పనిచేసిన మన అవ్వలకు మాత్ర మున్నట్లు కానరాదు. పెండ్లికి పసుపు దంచునాడు వారు రోటికిని రోకటికిని పసుపు కుంకుమలు పెట్టిరి. తక్కిన దినములలో దానిముందు కూర్చుండి చేతులు బొబ్బలెక్కునట్లు త్రిప్పిరి.

ఈ నూతన భక్తుల నొక ప్రశ్న యడుగవలసియున్నది. అయ్యా, రుచి మీది, సరే. రెక్క లెవరివి?

నేను చెప్పదలచిన దొక్కటే. రోటి రుచిని కోరుటకు తినువానికి హక్కు కలదు. ఆ రుచికై మఱియొకరి రెక్కలను కోరుటకు హక్కు లేదు. యంత్రములు వచ్చిన పిమ్మటనైన నీ మాట మన యిండ్లలో స్థిరపడవలెను. స్థిరపడలేదు గనుకనే యీ నాలుగు మాటలు వ్రాయవలసి వచ్చినది.

తెలుగువారి వంటయింటికి నాలుగు క్రియలు కలవు. రోకటితో దంచుట, తిరుగటితో విసరుట, రుబ్బురోట పొత్రముతో రుబ్బుట, సన్నికంటిపై నూఱుట. కారమును దంచవలెను, పిండిని విసరవలెను, మినపపప్పును రుబ్బవలెను, అల్లమును నూఱవలెను. ఒకదాని పని మఱియొకటి చేయదు. నేడు మిక్సీ వేయుట యను నొక్క మాట యీ నాల్గింటిని మ్రింగినది. భాషాభిమానులు దీనికి విచారింతురు. వారి విచారము న్యాయమే. కాని యా నాలుగు క్రియలకును కర్త యెవరో వారు చెప్పుట లేదు. వ్యాకరణమున క్రియకు కర్త యుండవలెను గదా! మన వంటయింటి వ్యాకరణమున కర్త యెల్లప్పుడును స్త్రీయే. కర్మఫలమును భుజించువారు వేఱు.

దంపుళ్ళపాటల మాధుర్యమును జెప్పి మఱికొందఱు కన్నీరు పెట్టుదురు. ఆ పాటలు మధురములే, సేకరింపదగినవే. ఐనను పాట యెందుకు పుట్టినదో యాలోచింపవలదా? రోకలి యెత్తి దింపుచున్నచో ఊపిరికొక లయ కావలెను, శ్రమను మఱచుటకొక మాట కావలెను. పడవవాండ్రును బోయీలును అందుకే పాడిరి. బోయీల పాట బాగున్నదని నేడు మనము పల్లకి యెక్కుట లేదు. రోకటిపాట బాగున్నదని మాత్రము కోడలిని రోటియొద్ద కూర్చుండబెట్టవచ్చునా?

ఆ రోటియొద్ద కూర్చుండువా రందఱును ఒక్కరీతివారు కారు. ఉమ్మడి కుటుంబములలో కొత్తకోడలును, పుట్టింట తలదాచుకొన్న వితంతువును, కూలికి వచ్చిన పేదరాలును ఆ పీటమీద నొకరి తరువాత నొకరు కూర్చుండిరి. యజమానురాలికి సహితము వయస్సు వచ్చినకొలది రోలు దూరమయ్యెను. దుర్బలులకు దగ్గఱగాను, బలవంతులకు దూరముగాను నుండుట రోటి స్వభావము. ఈ స్వభావము నేడును పోలేదు. ఇంట మంచి మిక్సీ యుండియు, పనిమనిషి చేయి తగిలిన చెడునని దానిని బట్ట కప్పియుంచి, ఆమెచేత రోటనే నూఱించు గృహములు కలవు. యంత్రమునకు విశ్రాంతి, మనిషికి శ్రమ! సంస్కారవంతులమని చెప్పుకొనువారి యిండ్లలో నిట్టిది చూచినప్పు డేమనవలెను?

ఇక యంత్రము సంగతి. అది యెక్కడనుండి యేల వచ్చినదో తెలిసికొన్నచో రుచి వాదములో బలమెంతయో తేలును. అమెరికాదేశమున రాసీన్ పట్టణమునకు జెందిన స్టీఫెన్ పొప్లావ్స్కీ యనునతడు గిన్నె యడుగున కత్తి తిరుగునట్టి పానీయ యంత్రమునకు 1922 లో పేటెంటు పొందెను. అది మాల్టు కలిపిన పాలను చిలుకుటకు. 1937 లో ఫ్రెడ్ వేరింగ్ అను సంగీతమేళ నాయకుని ధనసహాయముతో వచ్చిన బ్లెండరు సహితము పానీయశాలలకును, పండ్లరసములకును ఉద్దేశింపబడినదే. పాలను పండ్లను ఎఱిగిన యా కత్తికి ఎండుకొబ్బరి, మిరపగింజ, పసుపుకొమ్ము, నానిన మినపపప్పు తెలియవు. అందుచేత విదేశములనుండి మన వంటయిండ్లకు వచ్చిన తొలి యంత్రములు మన వంటకు తాళలేకపోయినవి.

బొంబాయిలో సత్యప్రకాశ మాథుర్ అను ఇంజనీరు భార్య మాధురిగారి యంత్రము ఇట్లే చెడినది. దానిని బాగుచేయు దారియు దొరకలేదు. అప్పుడాయన మన మసాలాలకు తాళగల యంత్రమును తానే చేయబూని 1963 లో సంస్థ నొకదానిని నెలకొల్పెను. సుమీత్ మిక్సీ పుట్టుట యట్లు. మన దేశపు మిక్సీ ఒక గృహిణి యిబ్బందినుండి పుట్టినదను సంగతిని రోటిభక్తులు గమనింపవలెను.

దీనికంటె ముఖ్యమైన సంగతి యింకొకటి కలదు. కోయంబత్తూరు వాసి పి. సభాపతి 1955 లో విద్యుచ్ఛక్తిచే తిరుగు పిండిరుబ్బు యంత్రమును నిర్మించెను. మనము గ్రైండరనుచున్నది అదియే. అందులో కత్తి లేదు. రాయే కలదు. రాతిమీద రాయి మెల్లగా తిరిగి పప్పును నలుపుచున్నది. పిండి వేడెక్కదు, గాలిని బట్టి పొంగును, ఇడ్డెన మెత్తనగును. రోలు చేయునదంతయు చేయుచున్నది, ఒక్క స్త్రీ రెక్క తప్ప. దీనివలన ఋజువైన దేమి? రుచి రాతిలో నున్నది గాని దానిని త్రిప్పిన రెక్కలో లేదు. ఇన్నేండ్ల క్రిందటనే తేలిన యీ సత్యమును మఱచి, అమ్మచేతి రుచి యనుచు చేతినే పట్టుకొని వ్రేలాడుట తెలివియా, స్వార్థమా?

నేను రుచిభేదమును కాదనుట లేదు. మిక్సీ కత్తి కోయును, రాయి నలుపును. ఉత్తజాడీతో నిమిషమునకు 18,000 చుట్లు తిరుగు యంత్రములు సామాన్యము. ఆ వేగమునకు వేడి పుట్టును. వేడికి మినపపిండి బిగిసి పొంగుదప్పును. పచ్చడిలో వెల్లుల్లి యొకచోట, మిరప యొకచోట పంటికి తగులవలసినది పోయి అంతయు నొకే ముద్దయగును. ఇది నిజమే. కాని యీ దోషమునకు మందు కలదు. మినపపప్పును చల్లని నీటితో కొంచెము కొంచెముగా వేసి, నడుమ యంత్రము నాపుచు త్రిప్పిన వేడి తగ్గును. గోంగూర పచ్చడికి మిరపకాయలను వెల్లుల్లిని ముందు పలుకుగా నాడించి, ఆకు వేసిన పిమ్మట మీటను ఒకటి రెండు మాఱులు మాత్రము తాకించి వదలిన పచ్చడి పచ్చడివలెనే యుండును. దోసకాయ ముక్కలను యంత్రమున వేయనే వలదు, చేతితో కలిపినచాలు. ఇంత చేసిన తరువాత మిగిలిన భేదము కలదా? కొంచెము కలదు. ఆ కొంచెము భేదము కొఱకు ఒక మనిషి ప్రతిదినము నేలమీద కూర్చుండి, ఒక చేత పొత్రము త్రిప్పుచు, ఒక చేత పిండి త్రోయుచు, నడుము పట్టుకొని లేవవలెనా? ఆ కొంచెమునకు వెల కట్టువాడు తినువాడా, లేచునామెయా?

యంత్రమును నిందించువారు గాంధీమహాత్ముని పేరు చెప్పుదురు. గాంధీగారు యంత్రవ్యామోహమును ఖండించిన మాట నిజము. కాని 1924 లో యంత్రములను గుఱించి యడిగినప్పుడు కుట్టుయంత్రమును మాత్ర మాయన మినహాయించెను. సింగర్ అనునతడు చేతికుట్టుతో భార్య పడు శ్రమను చూచి, ఆమెపై ప్రేమచేత దానిని కనిపెట్టెనని యాయన భావము. మనిషి కృశింపకుండ నుండుటయే ముఖ్యమని యాయన యెంచెను. ఆ తూనికతో తూచినచో రుబ్బు యంత్రము తేలిపోవునా? మహాత్ముని నామమును రోటికి కాపలాగా నుంచుట ధర్మము కాదు.

అట్లయిన యంత్రము వచ్చినది, స్త్రీ విముక్తురాలయ్యెనని సంతోషించి యూరకుందమా? అదియు వీలులేదు. భారతప్రభుత్వపు గణాంకశాఖవారు 2019 లో ప్రజలు కాలమును గడపురీతిని దేశవ్యాప్తముగా విచారించిరి. జీతములేని యింటిపనిలో ఒక దినమున చేయి పెట్టినవారు ఆఱేండ్లు నిండిన స్త్రీలలో నూటికి 81 మంది, పురుషులలో నూటికి 26 మంది. చేయి పెట్టిన స్త్రీ సగటున 299 నిమిషములు పనిచేసినది. చేయి పెట్టిన పురుషుడు 97 నిమిషములు. 15 మొదలు 59 ఏండ్ల వయస్సుగల స్త్రీల సంగతి చూచినచో 2019 లో 315 నిమిషములుండగా, 2024 లో జరిగిన విచారణలో నది 305 నిమిషములయ్యెను. ఐదేండ్లలో తగ్గినది పది నిమిషములు! ఇన్ని యిండ్ల బల్లలమీద మిక్సీ యుండగా నీ నిమిషములెక్కడికి పోవుచున్నవి?

రూత్ ష్వార్ట్జ్ కోవన్ అను అమెరికా చరిత్రకారిణి 1983 లో ప్రకటించిన గ్రంథమున నీ చిక్కునే విప్పి చూపెను. ఇంటికి యంత్రములు వచ్చినకొలది తక్కినవారి పని తగ్గినది గాని గృహిణి పని తగ్గలేదు. యంత్రము మిగిల్చిన కాలమును పెరిగిన కోరికలు తినివేసినవి. మన యింట జరిగినదియు నిదియే. రోటికాలమున నొక పచ్చడి. మిక్సీ యున్నది గదా, క్షణములో నగును గదాయని నేడు మూడు పచ్చళ్ళు. ప్రొద్దున పెద్దలకు ఇడ్లీ, పిల్లలకు దోసె, అల్లునికి పెసరట్టు. యంత్రము మిగిల్చిన గంట గృహిణిది కాదు. ఇంటిలోని ప్రతివాడును దానిలో నొక నిమిషము కోసికొనిపోవుచున్నాడు.

రోలు వెళ్ళి మద్దెలతో మొరపెట్టుకొన్నదని మనకొక సామెత కలదు. నాకొకవైపే దెబ్బలు, నీకు రెండువైపుల దెబ్బలని రోటికి తెలియలేదు. మన అవ్వ రోలైనచో నేటి మనుమరాలు మద్దెల. పగలు కచ్చేరిలో నొకవైపు, ఉదయసాయంకాలములు వంటయింట నొకవైపు. ఆమెతో రోటిరుచి ప్రస్తావించువారు తామేవైపున కొట్టుచున్నారో యాలోచింపవలెను.

ఈ యంత్రము మన యిండ్లకు వచ్చు దారిని సహితము పరీక్షింపుడు. పెక్కు యిండ్లకు నది పెండ్లికూతురి సారెతో వచ్చుచున్నది. వరకట్నమును నిషేధించు చట్టము 1961 లో వచ్చినను సారె పేర మిక్సీ, గ్రైండరు రాకమానలేదు. పెండ్లికుమారుని చేతికి గడియారము, పెండ్లికూతురి వెంట నూఱుడు యంత్రము! కాలము చూచుకొనువా డొకడు, కాలము వెచ్చించునది యొకతె. పెండ్లిలో వధువుచేత సన్నికల్లు త్రొక్కింతుము. రాతివలె స్థిరముగా నుండుమని దాని భావము. స్థిరముగా నుండుమనిరి గాని, రాతిప్రక్కనే జీవితమంతయు కూర్చుండుమనలేదు. పూర్వము సన్నికంటిని చూపిన చోట నేడు యంత్రమును చూపుచున్నాము. పరికరము మాఱినది, దాని యెదుట నుండవలసిన మనిషి మాఱలేదు.

తమిళనాటి ప్రభుత్వము 2011 లో రేషనుకార్డుగల కుటుంబముల స్త్రీలకు మిక్సీ, గ్రైండరు, పంకా ఉచితముగా నిచ్చు పథకము నారంభించినప్పుడు, ఓట్లకొఱకు లంచమని పలువురు నవ్విరి. రాజకీయము మాట యెట్లున్నను, రుబ్బుట యనునది శ్రమయని ఒక ప్రభుత్వము ధనమిచ్చి యంగీకరించుట సామాన్యము కాదు. నవ్వినవారిలో నెందఱు రుబ్బిరో కనుగొన్నచో నవ్వునకు కారణము తెలియును. కాని యా పథకమునందును యంత్రము స్త్రీ పేరనే వచ్చినది. పురుషుడు దానికి కూడ అర్హుడు కాలేదు!

పాత మిక్సీయే గట్టిది, నేటివి తేలికవను వాదము మఱియొకటి. ఇందు కొంత నిజము లేకపోలేదు. పాతవానిలో బరువైన మోటారు, తక్కువ మీటలు, ఏ వీథిమూలనున్న పనివాడైనను విప్పి బిగింపగల కట్టడము ఉండెడివి. కార్బను బ్రష్షులు అరిగిన మార్చిరి, జాడీ క్రింది కప్లరు తెగిన క్రొత్తది వేసిరి, కత్తికి సానపట్టిరి. క్రొత్తవానిలో జాడీలు హెచ్చు, అందము హెచ్చు. మూత సరిగా బిగియనిదే తిరుగని యేర్పాటును, భారము మించినచో తనంత నాగు మీటయు కొన్నిటిలో కలవు. ఇవి మేలైనవే. కావున పాతదనియు క్రొత్తదనియు పూజింపక, మన యూరిలో బాగుచేయగలవాడును విడిభాగములును దొరకు యంత్రమును కొనుట వివేకము. కాని ముప్పదియేండ్ల మిక్సీ మా యింట నింకను తిరుగుచున్నదని గర్వించు గృహస్థుని నేనొకటి యడుగుదును. దాని తీగ యెప్పుడు మార్పించితిరి? చీలిన తీగను తడిచేతితో తాకున దెవరు? గృహస్థుని స్కూటరు చెడినచో నా సాయంకాలమే బాగుపడును. వంటయింటి మిక్సీ చెడినచో నెల దినములు మూలనుండును. రోలున్నది గదా యని సమాధానము. యంత్రమునందు గౌరవమా, దానిని వాడునామెయందు అగౌరవమా, ఈ జాప్యమే చెప్పును.

రుబ్బుట స్త్రీలకు వ్యాయామము, అది మానుటచేతనే రోగములని యొకరందురు. వ్యాయామము మంచిదైనచో దానిని స్త్రీలకే దాచిపెట్టుట యేల? పొట్టపెరిగిన పురుషులు మన యిండ్లలో కఱవా? ఆదివారమునాడు రోలు కడిగి వారియెదుట పెట్టుదము. ఆరోగ్యమునకు ఆరోగ్యము, రుచికి రుచి. ఈ సలహా చెప్పిన తక్షణమే వ్యాయామవాదము చల్లబడుట చూడవచ్చును. రుబ్బుట నేర్పుగల పని, మగవారికి చేతగాదని యింకొకరందురు. పూర్వమీ సాకు కొంత చెల్లెను. నేడు పప్పు నానబోసి, జాడీలో సగమునకు మించకుండ వేసి, మూత బిగించి, మీట త్రిప్పుటకు కావలసిన నేర్పెంత? కచ్చేరిలో లెక్కలు వేయు యంత్రములను, చేతిలో మాటలాడు యంత్రములను క్షణములో నేర్చినవారికి మూడు మీటల మిక్సీ బ్రహ్మవిద్య యగునా? రోకలికి బలము కావలెను, పొత్రమునకు అలవాటు కావలెను, మీటకు మనస్సుమాత్రము కావలెను. యంత్రము చేసిన పెద్ద మేలిదియే: అది సాకుల నన్నిటిని హరించినది.

కావున సంస్కారాభిమానులగు గృహస్థులకు నా మనవి. రుచిని విమర్శించువాడు మఱునాడు తానే మీట త్రిప్పవలెను. లేదా పెట్టినది తిని లేవవలెను. కొడుకునకు పదేండ్లు దాటగానే కూతురితో సమముగా యంత్రము వాడుక నేర్పుడు. జాడీలో చేయి పెట్టుటకు ముందు తీగ గోడనుండి తీయవలెననియు, పొగలు గ్రక్కు చారును మూతబిగించి త్రిప్పిన చిమ్మి ముఖము కాలుననియు, మోటారు వేడెక్కినచో ఆపి చల్లారనీయవలెననియు బాలునకును బాలికకును ఒకే పాఠముగా చెప్పుడు. ఇంట పనిచేయు మనిషికి యంత్రమును ముట్టు హక్కు నిచ్చి, దాని వాడుక నోపికతో నేర్పుడు. యంత్రము చెడినచో స్కూటరుతో సమముగా నెంచి ఆ దినమే బాగుచేయింపుడు. కూతురి సారెలో మిక్సీ పంపుట మానుడు. కొడుకు క్రొత్తకాపురమునకు తన సంపాదనతో తానే కొనుక్కొనవలెనని చెప్పుడు. తాను కొన్న యంత్రమును వాడుట మగవానికి అవమానముగా తోచదు.

సోదరీమణులారా, మీతోను ఒకమాట. అత్తగారు రుబ్బినారు గనుక కోడలును రుబ్బవలెననుట, మిక్సీ పచ్చడి తినునది సోమరిపోతని యెగతాళి చేయుట, ఇవి పురుషులు మనకు నేర్పిన మాటలే యైనను మన నోటనే యెక్కువగా వినబడుచున్నవి. తాను పడిన కష్టము తన తరువాతివారు పడకుండుటయే పెద్దఱికమునకు గుఱుతు. తాను పడితినని తరువాతివారిని పడవేయుట పగ.

రోలును పాఱవేయుడని నేననుట లేదు. రోలు మన నాగరకతకు సాక్షి. వాకిట నుండనీయుడు, పండుగనాడు పూజింపుడు, మనస్సున్ననాడు అందఱును కలసి రుబ్బుడు. కాని ఈసారి పచ్చడి రుచిగా లేదని ఎవరైన కంచము నెట్టినచో, ఆ కంచమున కెదురుగా పొత్రమును పెట్టి, దయచేసి కూర్చుండుమనుడు. తినువాడే రుబ్బుట నేర్చిన నాడు రోటి రుచియు మిక్సీ రుచియు నొక్కటే యగును. నాటివఱకును రుచిని గుఱించి మాటలాడు నధికారము రుబ్బినవారిది, విన్నవించుకొనుటమాత్రమే తక్కినవారిది.